లాభం, రెండు, మూడు

గింజలు కొలిచేటప్పుడు మా తాత
ఒకటి అనేవాడు కాదు.
లాభం, రెండు, మూడు అంటూ కుంచం బోర్లించేవాడు.
షెఫీల్డులో, వాక్లీ కొండ కింద బస్టాపులో
క్లిప్‌బోర్డు పట్టుకుని ఎక్కేవాళ్ళను లెక్కపెడుతుంటే
నా నోటికీ అదే వస్తుంది.
తడిసిన గొడుగు లాభం. స్కూలు బ్యాగు రెండు.
మూడోవాడు డ్రైవరుతో ఫుట్‌బాల్ గొడవలో పడి
టికెట్టే మరిచాడు.

ఆఫీసులో నా పని రాకపోకల నమూనా.
ఊరిని నాలుగు వందల పన్నెండు ముక్కలు చేశాం.
ముక్కకొక చుక్క.
వెయ్యి గడపలవాళ్ళూ ఆ ఒక్క చుక్కలోంచే
పొద్దున బయల్దేరి, సాయంత్రం ఆ చుక్కలోకే దూరతారు.
చుక్కకూ చుక్కకూ మధ్య గీత.
గీతకు నిమిషాలుంటాయి, ఛార్జీ ఉంటుంది,
గ్రాముల్లో పొగ ఉంటుంది.
ఎత్తు ఉండదు.
వాక్లీలో వీధులు నిచ్చెనలని
మా కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు.

ఏడాదికోసారి కొన్ని ఇళ్ళకు డైరీలు పంపుతాం:
ఈ వారం కాళ్ళకు బలపం కట్టుకోండి,
తిరిగినచోటల్లా పడ్డ గీతలు మాకివ్వండి, అని.
వస్తాయి గీతలు.
ఒకాయనవి రోజూ రెండే: ఇల్లు, ఆసుపత్రి, ఇల్లు.
ఒకావిడవి ఒక్క పొద్దుటే ఏడు:
నర్సరీ, పని, మరిచిన లంచ్ డబ్బా కోసం మళ్ళీ నర్సరీ...
జానెట్ బ్రామల్ గారి మంగళవారం మాత్రం
బలపం పట్టని పలకలా వచ్చింది.
ప్రయాణాలు: సున్నా.
అంచున పెన్సిలుతో, ఒత్తి రాసిన అక్షరాలు:
"బ్యాండు రిహార్సలుకి పోదామనుకున్నా.
పోవడానికి బస్సుంది. రావడానికి లేదు.
యుఫోనియం మోసుకుని ఈ కొండెక్కలేను."

అదేమిటో వెతికి చూశాను.
ఏడాది పిల్లంత ఇత్తడి బాకా.
మా ఫారంలో ప్రయాణానికి కారణాలు ఆరు.
బాకా 'ఇతరములు'లోకి వస్తుంది,
అదీ వెళ్ళి ఉంటేనే.
వెళ్ళని దారికి గడి లేదు.

పైగా, చెప్పడానికి సిగ్గేస్తోంది,
ఆ మంగళవారం మా పట్టికలో
ఆవిడ పేటంతటికీ పచ్చగా మెరిసింది.
కారు తియ్యలేదు, బస్సెక్కలేదు,
గాలిలోకి ఒక్క గ్రాము వదల్లేదు.
ఇంట్లో కూర్చున్న మనిషిని మించిన పుణ్యాత్ములు
మా లెక్కలో లేరు.
ఊరంతా తలుపులేసుకుంటే
మాకు పతకాలొస్తాయి.

ఒక రాత్రి పదింటికి
వీపున రెండు బియ్యం సంచులు కట్టుకుని
నేనే ఆ కొండెక్కాను.
నమూనా ప్రకారం పదకొండు నిమిషాలు.
నాలుగుసార్లు ఆగాను.
మూడోసారి ఒక నక్క నన్ను దాటుకుని
తీరిగ్గా పైకి పోయింది.

మర్నాడు గీతలకు ఎత్తు కలిపాను.
తొమ్మిదీ నలభైకి ఒక కరెంటు బస్సు కలిపాను.
రాత్రంతా నూరి నూరి కంప్యూటరు తేల్చింది:
ఆ స్టాపులో ఎక్కేది
సున్నా పాయింటు నాలుగు మనిషి.
"నడుము పైదా, కిందిదా?" అన్నాడు గారెత్.
బాకా పట్టుకున్న వైపు, అన్నాను.
నవ్వాడు. నవ్వుతూనే
ఆరు వారాల ప్రయోగానికి సంతకం పెట్టాడు.

మొదటి మంగళవారం ఎవరూ రాలేదు.
రెండోది వాన.
ఆరిపోయిన దీపాన్ని కొండెక్కిందంటారు మావాళ్ళు.
ఖాళీ బస్సు, సీట్లన్నిటి మీదా లైట్లు వేసుకుని,
వెలుగుతూనే కొండెక్కింది.

మూడో మంగళవారం
ముందు నల్లటి పెట్టె వచ్చింది, వెనక మనిషి.
బస్సు ఒక పక్కకి ఒరిగి మెట్టు దించింది.
క్లిప్‌బోర్డు మీద గీత గీసి
లాభం, అన్నాను.
రెండు అనడానికి ఇంకెవరూ లేరు.
డ్రైవరు తలుపు వెయ్యకుండా
కాసేపు వీధి చివరిదాకా చూశాడు.